దూకితేనే ఆరు మార్కులు

ఆడవాళ్ళ ఐస్ స్కేటింగులో మార్కులన్నీ గాల్లోకి ఎగిరి దూకినందుకే ఇవ్వాలి. తక్కినదంతా దండగ!

ఈ మాట ఊరికే అనడం లేదు. ఇరవై ఏళ్ళుగా వారపత్రికలకు సస్పెన్స్ సీరియల్స్ రాస్తున్నవాడిగా అంటున్నాను. ఇప్పటికి నూట పన్నెండు మందిని చంపాను. మేడ మీదినుంచి, రైల్లోంచి, ఒకసారి హెలికాప్టర్‌లోంచి హీరోయిన్లను దూకించాను. ప్రతిసారీ సంచులకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. "ఆవిడ మెట్లు దిగిన తీరు బాగుందండీ" అని ఇంతవరకు ఒక్క పాఠకుడైనా రాశాడా? రాయడు. రాస్తే అనుమానించాలి.

స్కేటింగులో మాత్రం కొందరు ఛాందసులు ఇంకా "నైపుణ్యం, నైపుణ్యం" అని గొంతు చించుకుంటున్నారు. వాళ్ళ గోల ఏమిటో తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. బూటు కింద బ్లేడుకు రెండు అంచులుంటాయట. ఒక అంచు మీద వాలి, మంచు మీద గుండ్రంగా గీత గీయాలట. పక్కన ఇంకో సున్నా. రెండూ కలిస్తే ఎనిమిది అంకె. తర్వాత అదే గీత మీద మళ్ళీ, ఆ తర్వాత ఇంకోసారి తిరగాలట. మూడుసార్లు తిరిగినా ఒక్క గీతే కనపడాలి! కనపడిందో లేదో జడ్జీలు మోకాళ్ళ మీద కూర్చుని వెతకాలి. ఇదీ ఆట! దీనికంటే మా మునిసిపాలిటీలో టెండర్లు తెరిచేటప్పుడు ఎక్కువ ఉత్కంఠ ఉంటుంది.

అదృష్టవశాత్తూ 1990లో ప్రపంచ స్కేటింగ్ పెద్దలకు బుద్ధి వచ్చింది. ఆ ఏడాదితో పెద్ద పోటీల్లోంచి ఈ సున్నాల పరీక్షను ఎత్తేశారు. నేను వాళ్ళకంటే నాలుగు నెలలు ముందే ఎత్తేశాను. ఎక్కడంటారా? కువైట్‌లో!

నవ్వకండి. బయట యాభై డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో లోపల మంచు పరిచిన స్కేటింగ్ హాలు ఉండేది. నేను అప్పట్లో సాల్మియాలో ఒక కూల్‌డ్రింకుల ఏజెన్సీలో ప్రకటనలు చూసే గుమాస్తాని. ఆ మార్చిలో ఒక శుక్రవారం మా ఏజెన్సీ ఆడవాళ్ళకు స్కేటింగ్ పోటీ పెట్టింది. మొదటి బహుమతి బొంబాయికి రానూపోనూ విమానం టికెట్. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరే దొరికారు. "నువ్వు కథలు రాస్తావు కదా, మూడో కుర్చీలో నువ్వు కూర్చో" అన్నాడు మేనేజరు. ఎంత సబబైన ఎంపికో చూశారా?

పోటీకి వచ్చినవాళ్ళలో రెడ్డెమ్మ ఒకతె. కడప జిల్లా రాయచోటి దగ్గర పల్లె. జాబ్రియాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిమనిషి. ఆ ఇంటి చిన్నపిల్ల దలాల్‌కి స్కేటింగ్ పిచ్చి. పిల్ల పడిపోకుండా చెయ్యి పట్టుకోవడానికి ఎవరో ఒకరు మంచు మీద ఉండాలి కాబట్టి, మామా, అంటే ఆ ఇంటావిడ, రెడ్డెమ్మకు కూడా ఒక జత బూట్లు కొనిచ్చింది. రెండేళ్ళు, వారానికి మూడు సాయంత్రాలు, ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఈవిడ నేర్చుకుంది. ఇంటికి వెళ్ళి నాలుగేళ్ళయింది. ఊళ్ళో పదేళ్ళ కూతురుంది. ఆ టికెట్ మీద ఆమెకు ఎంత ఆశ ఉండి ఉంటుందో వేరే చెప్పాలా?

మొదట ఒక బ్యాంకు మేనేజరు భార్య వచ్చింది. తళతళలాడే గౌను. ఒక్కసారి గాల్లోకి లేచింది. హాలంతా "హా!" అంది. కింద పడిన శబ్దం పార్కింగులోకి వినిపించింది. అయితేనేం? ఎగిరిందా లేదా? ఆరుకు అయిదు పాయింట్ తొమ్మిది వేశాను.

తర్వాత రెడ్డెమ్మ. పంజాబీ డ్రెస్సు మీద దలాల్ పాత స్వెటర్. ఒక ఎనిమిది గీసింది. మళ్ళీ అదే ఎనిమిది. మళ్ళీ అదే! చప్పుడు లేదు, తొణుకు లేదు. నాకు ఆవలింత వచ్చింది. పక్క కుర్చీలోని ఇంగ్లీషు ముసలాయన మంచు మీద మోకాళ్ళూని చాలాసేపు చూసి, "ఒక్కటే గీత! రండి, చూడండి!" అని నన్ను పిలిచాడు. వెళ్ళలేదు. ఆ రోజు కొత్త ప్యాంటు వేసుకున్నాను.

రెండు పాయింట్ ఒకటి వేశాను.

పోటీ అయ్యాక ఆమె బూట్లు చేత్తో పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"సార్, తెలుగోళ్ళంట గదా మీరు. ఆ రెండు సరే. ఆ ఒకటి దేనికి ఏసినారు?"

"పడిపోనందుకు" అన్నాను దయగా.

"నేనెందుకు పడతా సార్? పొద్దన లేస్తే సబ్బునీళ్ళు పోసిన బండల మీదనే గదా నా బతుకు. తుడిచినాక మళ్ళా అడుగు పెట్టాల్సొస్తే, ముందేసిన అడుగులోనే ఏయాల. పక్కన ఏసినామనుకో, మళ్ళా ఇల్లంతా తుడ్సల్ల. ఇదీ అంతే."

వినండి! కళను ఇల్లు తుడిచే స్థాయికి దింపేసింది. ఇలాంటివాళ్ళకు బహుమతులా? టికెట్ బ్యాంకు మేనేజరు భార్యకే ఇచ్చాం. ఆవిడ బొంబాయి వెళ్ళి చెప్పులు కొనుక్కొచ్చిందని విన్నాను.

ఇక ఆగస్టు రెండు. ఇరాక్ సైన్యం ఒక్క దూకు దూకింది. తెల్లవారేసరికి దేశం దాని చేతిలో ఉంది. చూశారా దూకుడు మహిమ! ప్రపంచంలో ప్రతి పత్రికా మొదటి పేజీలో వేసింది.

ఆ తర్వాత అందరం దూకినవాళ్ళమే. వఫ్రా తోటల్లో టమాటాలు కోసే తిమ్మయ్య తోట దాటి, ఇసుక దాటి, సరిహద్దు దాటాడు. మా మేనేజరు భోజనం మధ్యలో లేచి కారెక్కాడు. కంచంలో కోడికాలు అలాగే ఉంది. మాట మీద నిలబడే పెద్దమనుషులు మాట కూడా పూర్తిచేయకుండా వెళ్ళారు.

రెడ్డెమ్మ ఇంటివాళ్ళు వేసవి సెలవులకు కైరో వెళ్ళి ఉన్నారు. జాబ్రియా ఇంట్లో ఉన్నది ఇద్దరే: మంచం దిగలేని పెద్ద మామా, అంటే ఇంటాయన తల్లి; ఆవిడతో రెడ్డెమ్మ. పెద్ద మామాకు చక్కెర జబ్బు. పూటకొక ఇన్సులిన్ సూది పడకపోతే మనిషి దక్కదు. ఆసుపత్రుల్లో మందులు సైనికులు ఎత్తుకుపోతున్నారు. అలాంటప్పుడు పనిమనిషి ఏం చేయాలి? తెలివైనదైతే దూకాలి!

అవకాశం కూడా వచ్చింది. మనవాళ్ళు కమిటీగా ఏర్పడి, అమ్మాన్ మీదుగా ఇండియాకు పంపే బస్సులకు పేర్లు రాస్తున్నారు. ఆడవాళ్ళు, పిల్లలు, జబ్బుమనుషులు ముందు. సాల్మియాలో ఒక క్లినిక్ నర్సు, అమలాపురం అమ్మాయి మెర్సీ, రెడ్డెమ్మ పేరు రాయించింది; తను మాత్రం క్లినిక్ వదల్లేదు. సెప్టెంబరు పదకొండు పొద్దున ఒక బడి ఆవరణలో పేర్లు చదివారు. "రెడ్డెమ్మ!" అన్నారు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచేలోగా ఒక జబ్బుమనిషి గుండె పట్టుకుని బస్సు ఎక్కేశాడు.

ఆ జబ్బు నాదే. నూట పన్నెండు హత్యలు చేసినవాడి గుండె బలహీనంగా ఉండదా?

ఇండియాలో దిగాక నేను రాసిన అనుభవాలు మీరు చదివే ఉంటారు. ఇసుక తుఫానులు, తుపాకులు, ఆఖరి క్షణంలో బస్సు! మూడు ఊళ్ళలో శాలువాలు కప్పారు. అక్కడ ఉండిపోయినవాళ్ళ గురించి రాయమని ఎవరూ అడగలేదు. ఏం రాస్తాం? వాళ్ళు రోజూ ఉన్నారు. నిన్నా ఉన్నారు, ఇవాళా ఉన్నారు. ఇందులో సస్పెన్స్ ఏది?

యుద్ధం ముగిసి, నేను మళ్ళీ కువైట్‌కు ఉద్యోగానికి వచ్చాక మెర్సీ చెప్పింది, ఆ ఏడు నెలల్లో రెడ్డెమ్మ ఏం చేసిందో.

"రోజూ పొద్దున్నే నడిచొచ్చేదండీ. జాబ్రియా నుంచి రొట్టెల కొట్టుకి, అక్కణ్ణుంచి నా దగ్గరికి. మళ్ళీ అదే దారిన వెనక్కి. తల మీద బేసిన్లో పైన రొట్టెలు, కింద పెరుగు డబ్బా. మందుసీసా ఆ పెరుగులో ముంచి ఇచ్చేదాన్నండీ."

"రోజూ మందు ఇచ్చేవారా?"

"అబ్బే, పదిరోజులకో సీసా అంతేనండీ. కానీ ఆవిడ రోజూ వచ్చేది. 'మందున్న పొద్దే వస్తే పట్టుకుంటారు మెర్సమ్మా, రోజూ వస్తే ఎవురూ చూడరు' అనేది. చెక్‌పోస్టులో సైనికుడికి పైనున్న రెండు రొట్టెలు ఇచ్చేది. రోజూ రెండే. ఓ రోజు కొత్తవాడెవడో తుపాకీ మొన పెరుగులో పెట్టబోయాడంట. పాతవాడే, 'ఖలాస్, వదిలెయ్, ఇది రోజూ పోయేదే' అన్నాడంట. ఆ రోజు డబ్బాలో సీసా ఉందండీ, రైటరు గారూ! నాకు అప్పట్నుంచి పెరుగు సయించదండీ."

మీకూ పెరుగు సహించడం లేదా? నాకైతే సహిస్తోంది. ఒకే దారిలో రెండొందల రోజులు నడవడం ఒక కథా? పెద్ద మామా బతికింది, నిజమే. విడుదల చూసి, మనవరాలిని ముద్దుపెట్టుకుని, సొంత మంచం మీదే పోయింది. కైరో నుంచి తిరిగొచ్చిన కొడుకు గుమ్మంలో జెండా పట్టుకుని ఫోటో దిగాడు. "ఇల్లు నిలబెట్టుకున్న వీరుడు" అని కింద వేశారు. సబబే! ఆయన విమానంలోంచి దిగాడు కదా. దిగడం కూడా ఒక రకం దూకుడే.

అసలు లెక్కకు వస్తే పెద్ద మామాను బతికించింది నేనే! ఆ మార్చిలో నేను న్యాయంగా మార్కులు వేసి ఉంటే, రెడ్డెమ్మ టికెట్ గెలిచి వేసవికి రాయచోటిలో ఉండేది. అప్పుడు సూది ఎవరు వేసేవారు? అయినా నాకు పతకం ఇవ్వలేదు. అడగను కూడా. మాది గొప్ప మనసు.

ఇప్పుడు మొన్నటి శుక్రవారం సంగతి.

యుద్ధంలో నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇస్తారట. దానికో ఫారం వచ్చింది. రాయడం తెలిసినవాణ్ణి కాబట్టి సెలవురోజున మా తెలుగువాళ్ళందరికీ నేనే నింపిపెడుతున్నాను. ఎంత చక్కటి ఫారమో! పేరు, పాస్‌పోర్ట్ నంబరు, తర్వాత నేరుగా అసలు ప్రశ్న: దేశం వదిలి వెళ్ళిన తేదీ. తిమ్మయ్యది నింపాను. నాదీ నింపాను. సెప్టెంబరు పదకొండు.

పొద్దుటి దుమ్ముగాలికి నా హాలు గచ్చు మీద సన్నటి ఇసుక పొరలా పరుచుకుని ఉంది. తలుపు తీసి చూస్తే రెడ్డెమ్మ.

"గుర్తు పట్నారా సార్? రెండు పాయింటు ఒకటి."

గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. కూతురికి పన్నెండు నిండాయట. ఈ డబ్బు వస్తే, కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, అడుక్కోకుండా తన టికెట్ తనే కొనుక్కుని పోయి చూసి వస్తుందట.

"వదిలి వెళ్ళిన తేదీ?" అన్నాను కలం తెరిచి.

"వదల్లేదు గదా సార్."

"తేదీ లేకపోతే ఫారం ముందుకు పోదమ్మా."

"ఉండిన తేదీలు రాసుకోండి. ఏడు నెల్లు. ఏ పొద్దు ఏం జరిగిందో అన్నీ చెప్తా."

"ఉన్నవాళ్ళకు ఇందులో గడి లేదు."

"పోయినోళ్ళకేనా?"

"పోయినవాళ్ళకే."

ఆమె కాసేపు ఫారం వంక చూసింది. చదవడం రాదు. అయినా చూసింది.

నాలో రచయిత మేలుకున్నాడు. "సెప్టెంబరు పదకొండు అని రాసేస్తాను. ఆ రోజు బస్సు జాబితాలో నీ పేరు కూడా ఉంది. ఎవరడుగుతారు?"

"పోనిదాన్ని పోయినానని ఎట్ల రాసేది సార్? ఆ పొద్దు నేను బస్సెక్కినానంటే, పెద్దమామాకు సూది ఏసిందెవురు మరి? ఎవురూ ఏయలేదనా?"

కలానికి మూత పెట్టాను. ఆమే ఫారం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కొంగు చివర ముడి వేసుకుంది.

"ఆ సీట్లో మీరు పోయినారంట గదా, మెర్సమ్మ చెప్పింది" అంది పోతూ. "మంచి పనే అయింది లే సార్. కాళీగా పోయేదానికంటే."

తలుపు మూసుకుంది. గచ్చు మీద ఇసుకలో, నా చెప్పుల జాడల పక్కన, ఆమె అడుగులు కనపడుతున్నాయి. గుమ్మం నుంచి బల్ల దాకా వచ్చిన అడుగులు. మరి తిరిగి వెళ్ళిన అడుగులేవి?

కుర్చీలోంచి కనపడలేదు. లేచి చూశాను, కనపడలేదు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంకా వంగి చూశాను. వచ్చిన ప్రతి అడుగులోనూ, మడమ ఉన్నచోట వేళ్ళు, వేళ్ళు ఉన్నచోట మడమ. అంగుళం పక్కకు పోలేదు. నా ఇల్లు తుడిచేవాళ్ళకు పని పెరగకూడదని!

ఒక్కటే గీత.

అందుకే పాఠకులారా, మళ్ళీ చెబుతున్నాను. మార్కులు దూకినందుకే ఇవ్వండి. శాలువాలు, ఫోటోలు, ఫారంలో గడులు అన్నీ దూకినవాళ్ళకే పెట్టండి. దూకుడు అయితే కుర్చీలో కూర్చునే చూడొచ్చు. గీత చూడాలంటే మోకాళ్ళు వంచాలి. వంచితే ప్యాంటు పాడవుతుంది.

నాది రెండుసార్లు ఉతికించాను. మరక వదల్లేదు.