ఇస్త్రీ విజయము, లేక శీతలయంత్ర స్తంభనము

గోడను కరచుకొని, ఏ పార్టీకిని ఓటు వేయక, ఇంటిల్లిపాది చేసిన పాపములను అంకెలుగా మార్చి లోలోన మననము చేసికొను ఓ విద్యున్మాపక దేవతా! తల్లీ మీటరమ్మా! నీ ఎర్రని కంటి యెదుట జరిగిన ఆ ఘోర సంగ్రామము నీకన్న బాగుగా ఎరిగినవారెవ్వరు? పలుకుము తల్లీ, కథ నడచుగాక.

అది గ్రీష్మకాలము. ప్రచండ మార్తాండుడు దినమంతయు మేడలను, మేడల మీది నీళ్ల ట్యాంకులను కాల్చి కాల్చి, ఇంకను కసి తీరక, పడమటి అపార్టుమెంట్ల సందున నిలిచి వెనుదిరిగి గ్రుడ్లురుముచున్న సాయంసమయము. మూడవ అంతస్తునందలి ఒక హాలులో, నీలిసోఫాకు ఈ కొసన మామగారును, ఆ కొసన అత్తగారును, ఎదుట టీవీయును, తలపైన హోరెత్తు ఏసీయును కొలువుదీరి యుండగా, ఆ చతుష్టయము నడుమ చేత ఇస్త్రీపెట్టెయు, భుజముపై నలిగిన తెల్లని నూలుచొక్కాయు దాల్చి, బనియనుతో నిలిచి యుండెను అల్లుడు.

ఈతడు సామాన్యుడు కాడు. గడియారములు బాగుచేయు విద్యలో ఆరితేరినవాడు. ఆవగింజలో సగమైనను లేని మరను పట్టుకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, స్వస్థానమున నిలుపగల స్థిరహస్తుడు. అయినను, ఒంటిమీది చొక్కాను నలుగకుండ నిలుపుకొనుట మాత్రము ఆ మహావీరునకు ఏనాడును సాధ్యపడలేదు.

ఆతని ధర్మపత్ని దంతవైద్యురాలు. ఏండ్ల తరబడి పరుల ఆసుపత్రులలో, పరుల కుర్చీల ప్రక్క నిలిచి పండ్లు పీకిన ఆ ధీరవనిత, ఆ సాయంకాలమే తన సొంత క్లినిక్కును తెరువబోవుచుండెను. వాకిట నిలిచి అతిథులను ఆహ్వానించు భారము భర్తది. ఉదయము కూతురిని వెంటబెట్టుకొని బయలుదేరుచు, తాను ఏరికోరి కొన్న ఆ చొక్కాను ఆతని చేత పెట్టి ఆమె యిట్లనెను:

"పోయినసారి నాకు మెడల్ ఇచ్చినప్పుడు, ఫోటోలన్నిట్లో నా పక్కన పిండి ఆరేసిన గుడ్డలా ఉన్నావ్. ఇవాళ ఒక్కరోజు మనిషిలా రా. దీనికోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో నీకు తెలుసుగా."

 ఆ చివరి మాట ఆతని గుండెలో ములుకై నాటుకొనెను.

అయితే ఆ యింటి కరెంటు తీగెలు వయోవృద్ధులు. ఏసీయు ఇస్త్రీపెట్టెయు ఏకకాలమున ఊపిరి పీల్చినచో మెయిను స్విచ్చు టప్పున మూర్ఛిల్లును. మరి ఏసీని ఆపరాదా యని అమాయకులు అడుగవచ్చును. చిత్రమేమనగా, అత్తమామలిరువురును ఏసీ ఆపవలెననియే వాదించువారు! మామగారు బ్యాంకు పద్దులు తనిఖీ చేసి విరమించిన ఉద్దండుడు. ఆయన ఆపుమనునది కరెంటు బిల్లు కొరకు. అత్తగారు బడిలో భూగోళశాస్త్రము బోధించి విరమించిన విదుషీమణి. ఆమె ఆపుమనునది భూమి చల్లదనము కొరకు. ఆ గృహమున ఒక కట్టుబాటు కలదు: ఏ యంత్రమును ఆపినను, ఎందులకు ఆపుచున్నారో పైకి చెప్పి ఆపవలెను. ప్రభుత్వము సాయంకాలపు కరెంటుకు ధర పెంచి, దానికి వాతావరణ రక్షణ విధానమని పేరిడిన నాటినుండియు, చెప్పిన కారణము ఎవరిదైన వారు గెలిచినట్లు. కావున ఓటమిని సహింపని ఇరుపక్షముల నడుమ, ఎవ్వరికిని అక్కరలేని ఆ ఏసీ మధ్యాహ్నము నుండి నిరాఘాటముగ నడచుచుండెను. అత్తగారు శాలువ కప్పుకొని యుండిరి. మామగారు చెవులకు తువ్వాలు చుట్టుకొని యుండిరి.

టీవీలో నలుగురు నిపుణులు ఒకేమారు అరచుచుండిరి.

"విన్నావా?" మామగారు తొడ చరచిరి. "పొగ వదిలేది వాళ్ల ఫ్యాక్టరీలు, వాత పెట్టేది నా బిల్లుకి! భూమిని కాపాడ్డానికి నా జేబే దొరికిందా వీళ్లకి?"

"మీ జేబు చల్లగా ఉంటే చాలా? మనవరాలు పెద్దదయ్యేసరికి ఈ ఎండలు ఎలా ఉంటాయో ఆలోచించారా? రేటు పెంచకపోతే మీరు ఒక్క స్విచ్చయినా ఆపేవారా?"

"ఇప్పుడే ఆపుతాను. బిల్లు కోసం అని ఒప్పుకో."

"భూమి కోసం అని మీరనండి, నేనే లేచి ఆపుతాను."

ఎవ్వరును లేవలేదు.

అల్లుడు గొంతు సవరించుకొనెను. "చొక్కా కోసం అని ఆపేద్దామాండీ?"

"చొక్కా కోసమా?" మామగారి కనుబొమలు ధనుస్సులయ్యెను. "ఇస్త్రీపెట్టె కరెంటు తాగదా? అది ఎవరి ఖాతాలో రాయమంటావ్?"

"ఒకటి ఆపి ఇంకోటి వేస్తే పొదుపేముంది బాబూ? ముందు సూత్రం తేలనీ, చొక్కా సంగతి తర్వాత," అని అత్తగారు.

సూత్రము తేలునంతలో క్లినిక్కు తెరువబడి, మూయబడి, శిథిలమగునని గ్రహించిన ఆ సాహసికుడు ప్రత్యక్ష యుద్ధమునకు దిగెను. ఇస్త్రీపెట్టె తీగెను పాశమువలె విసరి మూలనున్న ప్లగ్గున గ్రుచ్చెను. టప్పు! ఏసీ కూలెను, టీవీ కూలెను, నిపుణులు వాక్యము నడుమ హతులైరి. ఏనాడును ఏకము కాని ఉభయసేనలును తత్క్షణమే ఏకమై ఆతనిపై విరుచుకుపడెను.

"ఏం పని బాబూ ఇది! సరిగ్గా ఈయన నోరు మూతపడే పాయింటు వస్తుంటే!"

"కారణం చెప్పి ఆపావా? లేదు. చెల్లదు. వెయ్యి మళ్లీ."

మెయిను స్విచ్చు లేచెను. ఏసీ లేచి వికటాట్టహాసము చేసెను.

పరాజితుడై, చల్లని ఇస్త్రీపెట్టెను ఎదకు హత్తుకొని ఆతడు మనసున ఇట్లు ప్రలపించెను: "ఓ లోహమిత్రమా! బిల్లు కొరకన్నచో అత్తగారికి ద్రోహిని. భూమి కొరకన్నచో మామగారికి ఆగర్భశత్రువును. మౌనమూనినచో కట్టుకొన్నదానికి పరాయివాడను! మూడు లోకములలో నాకు దిక్కెవ్వరు?" అంతట ఆతనికి స్వవిద్య స్ఫురించెను. ఆగిన గడియారమును కుదిపిన కొలది చెడును. చెవికి ఆనించి వినవలెను. ఆతడు వినెను. హోరు. ఆ హోరు నడుమ మాటిమాటికి "ఆఁ? ఏంటీ?" అను రెండు వృద్ధకంఠములు.

"మామయ్యగారూ," అనెను మెల్లగా, "ఇందాక ఫ్యాక్టరీల గురించి మీరన్నది అత్తయ్యగారికి సరిగ్గా వినపడినట్టు లేదండీ, ఈ మోతలో."

"వినపడలేదా?"

"అత్తయ్యగారూ, మీరు మనవరాలి గురించి చెప్పింది కూడా... ఆయన చెవులకి తువ్వాలుందిగా."

"అయ్యో, అంత మంచి పాయింటు!"

"ఆపెయ్యవయ్యా ఆ దిక్కుమాలిన ఏసీ!" ఉభయులును గర్జించిరి.

"కారణమండీ?" అల్లుడు వినయమునకే వినయము నేర్పుచు అడిగెను.

"వినపడ్డానికి!"

ఏసీ ఆగెను. అటు పిమ్మట జరిగిన వీరవిహారమును వర్ణింప ఎవరి తరము? కణకణలాడు ఇస్త్రీపెట్టె మత్తగజమువలె చొక్కాపై నడచెను. కాలరు దుర్గము లొంగెను. కుడిచేయి శరణు వేడెను, ఎడమచేయి కాళ్లబేరమునకు వచ్చెను. గుండీల నడుమ దాగిన ముడతలు సైతము వెదకి వెదకి వధింపబడెను. వెనుక సోఫాపై ఫ్యాక్టరీలు, సముద్రములు, పన్నులు, ధ్రువపు ఎలుగుబంట్లు ఎగిరి పడుచుండెను. అల్లుడు చొక్కాను బోర్లించెను. వెనుక భాగమే మిగిలినది. అంతలో,

"అబ్బ, ఉక్కగా లేదూ?" అని అత్తగారు శాలువ విసరివైచిరి.

"చచ్చే ఉక్క," అని మామగారు తువ్వాలు విప్పిరి.

"ఏసీ వేద్దామా?"

"వెయ్యి."

ప్రపంచ మహాసభలు సాధింపలేని ఏకాభిప్రాయము ఆ సోఫాపై రెప్పపాటులో సిద్ధించెను. వేయుటకు కారణము చెప్పవలెనను కట్టుబాటు లేదు గదా! అత్తగారి చేయి రిమోటును తాకునంతలో అల్లుడు ప్లగ్గు పెరికి, ఉన్న చొక్కాను ఉన్నట్లే తొడిగి, మెట్లు దూకి పరుగెత్తెను.

క్లినిక్కు వాకిట భార్య ఆతనిని ఆపాదమస్తకము చూచెను. కాలరును వ్రేలితో నిమిరెను. కన్నులు చెమరుచుచుండగా, "ఎవరండీ మీరు? ఇటు మా ఆయన గానీ వచ్చాడా?" అనెను.

"వెనక్కి తిరగమని మాత్రం అడక్కు," అని ఆతడు చెవిలో చెప్పెను.

ఆమె ఒక్క క్షణము ఆలోచించెను. "ఏసీయా?"

"ఏసీయే."

ఆమె పకపక నవ్వి, తన చేతులతోనే ఆతనిని ద్వారము ప్రక్క గోడకు ఆనించి నిలిపి, తానును ప్రక్కన నిలిచెను. చివరి అతిథి సాగిపోవువరకును ఆ గోడను ఆతడు వీడలేదు.

వినుడు లోకులారా! ఆ మహాదినమున ఒక కాలరును, రెండు చేతులును, ఒక ముందు భాగమును సంపూర్ణముగ జయింపబడెను! వీపు ఇంకను శత్రువశమందే యున్నది. కాని ఫోటోలలో అది పడలేదు.