నల్ల ప్లేటు మీద బంతిపూల దండ

ఆ ఆదివారం శ్రీహరి ఇంట్లో కారు కంటే ముందు సంచి సిద్ధమైంది. సర్దింది అతని తల్లి దేవవ్వ. రెండు చీరలు, బీపీ గోళీలు, స్టీలు డబ్బా నిండా సర్వపిండి. సర్వపిండి ఆదిలాబాద్‌లో మంచం పట్టిన అక్క రాజవ్వకు. "అవ్వ అన్నం ముట్టుతలేదు చిన్నమ్మా, నీ చేతి సర్వపిండి అడుగుతుంది" అని రాజవ్వ కొడుకు అంబదాస్ ఫోన్ చేశాడు. దేవవ్వ సంచి మూతి కట్టింది, విప్పింది, గోళీలు తడిమి చూసి మళ్లీ కట్టింది. విడిపోయిన మనుషులు మళ్లీ కలుస్తారన్న నమ్మకం ఆమెకు ఎన్నడూ లేదు.

"బస్సుల పోత కొడుకా. ఆడోళ్లకు పైసలు గూడ లేవాయె."

"అందుకే వద్దంటున్ననవ్వా! కొడుకున్నంక గూడ ఫ్రీ బస్సెక్కి వచ్చిందంటరు. ఇజ్జత్ పోతది."

శ్రీహరి చొప్పదండిలో పేరున్న ఆలోచనాపరుడు. కారు కొనడం మూర్ఖత్వమనీ, అవసరమైన రోజు కిరాయికి తెచ్చి మనమే నడుపుకోవాలనీ ఆయన సిద్ధాంతం. "పెండ్లికి బ్యాండుమేళం గావాలె. అట్లని బ్యాండోళ్లను ఏడాది పొడుగూత ఇంట్ల వెట్టుకుంటమా?" అని టీ కొట్టు దగ్గర ఉపన్యసించగా ఊరంతా ఒప్పుకుంది.

సిద్ధాంతంలో ఏ లోపమూ లేదు. లోపమల్లా నంబరు ప్లేటులో ఉంది. సొంత కారుకు తెల్ల ప్లేటు. కిరాయికి తెచ్చి నడుపుకునే కారుకు నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు. మనం తెలివైన పని చేశామని లోకానికి దూరం నుంచే తెలిసిపోతుంది. అంత తెలివిని బయట పెట్టుకునే ధైర్యం ఏ కుటుంబానికుంటుంది?

శ్రీహరి భార్య బాలలక్ష్మి సమస్యను చిటికెలో తీర్చింది. ప్లేటును బంతిపూల దండతో కప్పాలి. ఊరికే దండ వేస్తే అనుమానం వస్తుంది గనుక కొండగట్టులో బండికి పూజ చేయించాలి. కొండగట్టు ఎలాగూ ఆదిలాబాద్ దారిలోనే ఉందాయె.

పూజ శాస్త్రోక్తంగా జరిగింది. కొబ్బరికాయ పగిలింది, టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. "ఈ వాహనం కలకాలం మీ ఇంట్లోనే ఉండాలి" అని పూజారి దీవించాడు. మర్నాడు పొద్దున్నే కిరాయి దుకాణంలో అప్పగించాల్సిన బండి విషయంలో ఆ దీవెన ఎలా నెరవేర్చాలో స్వామివారికే తెలియాలి.

బాలలక్ష్మి ఫోటోలు స్టేటస్‌లో పెట్టింది. గుట్ట దిగేలోపే కరీంనగర్ నుంచి ఆమె అన్న సిద్దిరాములు ఫోన్ చేశాడు. "కొత్త బండి కొని మా వాకిట్లకు రాకుండనే పోతరు బావా? గంత పరాయోళ్లమైతిమా?"

వెళ్లకపోతే చుట్టరికం చెడుతుంది. కొనలేదని చెబితే పరువు చెడుతుంది. రెండూ చెడకుండా కారు వెనక్కి తిరిగింది.

"అక్క ఎదురుజూస్తది కొడుకా," అంది దేవవ్వ.

"జర ఆగవ్వా. గంటల బయలెల్లుదాం."

ఒట్టి చేతులతో గడప తొక్కడం మర్యాద కాదని బాలలక్ష్మి స్టీలు డబ్బా అందించింది. "సర్వపిండి మస్తున్నది అత్తమ్మా!" అని సిద్దిరాములు మెచ్చుకున్నాడు. యాటకూర ఉడికింది. వాడకట్టు పిల్లలంతా వంతులవారీగా కారెక్కి తిరిగొచ్చారు. పొద్దుగూకింది. ఒళ్లో ఖాళీ డబ్బాతో దేవవ్వ ఒక మూలన కూర్చుంది.

"ఫికర్ జెయ్యకవ్వా, వచ్చే ఐతారం మళ్ల తెద్దాం. కిరాయి బండికి గదే లాభం, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతది," అన్నాడు శ్రీహరి.

మంగళవారం పొద్దున అంబదాస్ మళ్లీ ఫోన్ చేశాడు. శ్రీహరి కాసేపు ఆలోచించాడు. "సావుకాడ ఏ బండ్ల వచ్చిండ్రని ఎవలు జూస్తరు? బస్సుల పోదాం."

అది మాత్రం ఆయన సిద్ధాంతాల్లో తప్పని తేలిన ఒకే ఒక్కటి. పాడె పక్కనుంచే చుట్టాలు అడిగారు. "కొత్త కారేది శ్రీహరీ?"

"సర్వీసింగుకు ఇచ్చినం," అన్నాడు శ్రీహరి. అందరూ అయ్యో అన్నారు. నవ్వకండి, మీరక్కడున్నా ముందు అదే అడిగేవారు.

వాళ్లను కరీంనగర్‌లో పొద్దున ఎక్కించుకున్న బస్సు మధ్యాహ్నానికే ఆదిలాబాద్‌లో దించింది. రోజూ అలాగే దించుతుందట.

రాజవ్వ మంగళవారం తెల్లవారకముందే పోయింది. మళ్లీ రాలేదు.