వంతుకు నిలబడ్డ చెప్పులు

ఆదివారం ఉదయం ఏడింటికి పూర్ణచంద్రరావు లాడ్జి మంచం మీద ప్రపంచ దేశాల ప్రదర్శన మ్యాపు పరిచి, భార్య జానకికి ఆ రోజు కార్యక్రమం వివరించాడు. "ఎనిమిదింటికి బయల్దేరతాం. తొమ్మిదింటికి మంచు మందిరం. తర్వాత మిగతా దేశాల మందిరాలన్నీ చుట్టేసి, ఆరింటికి ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కేస్తాం."

"మిగతా దేశాలు లేకపోయినా ఫర్వాలేదండీ. మంచు మాత్రం చూపించండి," అంది జానకి.

అది రెండు వేల సంవత్సరం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇంజనీరైన పూర్ణచంద్రరావును రెండు వారాల శిక్షణకు జర్మనీ పంపితే, సెలవు పెట్టి జానకీ వెంట వచ్చింది. ఆవిడ కొండపల్లిలో సోషల్ టీచరు. పంతొమ్మిదేళ్లుగా ధ్రువ ప్రాంతాల పాఠం చెబుతోంది. ఏటా ఎవరో ఒకరు లేచి, "మంచు ఎట్టా ఉంటది టీచర్? మీరు ముట్టుకున్నారా?" అని అడగడం, ఆవిడ "ఐస్‌ఫ్రూట్ లాగుంటుంది, కూర్చో" అనడం, ఆ తర్వాత రోజంతా మనసు చివుక్కుమంటూ ఉండటం మామూలే. ఈసారి ఎనిమిదో తరగతికి మాటిచ్చి మరీ విమానం ఎక్కింది.

మ్యాపు తలకిందులుగా పట్టుకున్న కారణంగా మంచు మందిరం చేరేసరికి పదకొండయింది. బయట బోర్డు మీద రెండు సంగతులు రాసి ఉన్నాయి. లోపలికి వెళ్లడానికి మూడు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తలుపులు మూస్తారు.

పూర్ణచంద్రరావు తేలిగ్గా నవ్వేశాడు. క్యూలో నిలబడటం చేతకానివాళ్ల పనని ఆయన సిద్ధాంతం. విజయవాడ బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టిన మనిషి. గ్యాస్ కంపెనీ ముందు చెప్పులు వదిలి, ఇంటికెళ్లి టిఫిన్ చేసి వచ్చిన మనిషి. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే. కాదన్నవాడు మన జిల్లాలో ఇంతవరకు పుట్టలేదు. ఆయన తన తోలు చెప్పులు విప్పి, క్యూ చివర జాగ్రత్తగా పెట్టాడు.

"ఏమండీ, ఇది గ్యాస్ కంపెనీ కాదు."

"పాదుకలు పద్నాలుగేళ్లు రాజ్యమే ఏలాయి. మూడు గంటలు క్యూ చూసుకోలేవా? పద, పులిహోర తిందాం."

అంతలో వెనక వచ్చి నిలబడ్డ తెల్లజుట్టు దొరసానికి చెప్పులు చూపించి, "కాస్త చూస్తుండండి మేడమ్" అని శుద్ధమైన తెలుగులో చెప్పి, వంగి రెండు చేతులూ జోడించాడు. ఆ దండం దొరసానికి. కానీ ఆయన చూపు చెప్పుల మీద ఉంది కనక, దండం చెప్పులకే అనుకుంది ఆవిడ. తంటా అక్కడ మొదలైంది.

ముందున్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయారు. చెప్పులు కదల్లేదు. మొక్కిన వస్తువును దాటడం మర్యాద కాదని దొరసాని ఆగింది. ఆవిడను దాటడం మర్యాద కాదని వెనకవాళ్లు ఆగారు. "ఎందుకాగాం?" అని తోక నుంచి ప్రశ్న వస్తే, "ఇండియా నుంచి పవిత్రమైన చెప్పులొచ్చాయి" అని తల నుంచి జవాబు వెళ్లింది. అది తోకకు చేరేసరికి చెప్పులకు రెండు వేల ఏళ్ల వయసొచ్చింది. ఎవరో పువ్వు పెట్టారు. గార్డు వచ్చి చుట్టూ తాడు కట్టాడు. దొరసాని భక్తిగా తన బూట్లు విప్పి వాటి వెనక పెట్టింది. మిగతావాళ్లూ విప్పారు. బూట్లు వరసలో ఉన్నాక మనుషులెందుకని కాసేపటికి వాళ్లకూ తోచింది. అందరూ పోయి గడ్డిలో కూర్చున్నారు.

పులిహోర తిని, ఓ కునుకు తీసి, పూర్ణచంద్రరావు జానకితో రెండున్నరకు తిరిగొచ్చాడు. తాడు దాటి చెప్పుల కోసం వంగబోతే గార్డు అడ్డం పడ్డాడు.

"ముట్టుకోకూడదు," అన్నాడు ఇంగ్లీషులో.

"అవి నా చెప్పులయ్యా!"

"అవి అందరివీ," అన్నాడు గార్డు.

పూర్ణచంద్రరావు సాక్ష్యంగా తన మేజోళ్ల కాళ్లు చూపించాడు. కంటికి కనిపించినంత మేర నాలుగు వందల మంది మేజోళ్లతోనే ఉన్నారు. దాంతో ఆయన ఒళ్లు మండి ఇంగ్లీషులో అరిచాడు. "మడమ కింద చూడండి! అయిదు మేకులుంటాయి! హనుమాన్ జంక్షన్లో అబ్రహాము స్వయంగా కొట్టాడు!"

ఇంగ్లీషు తెలిసిన ఓ ముసలాయన ఆ మాటలను జర్మన్‌లో జనానికి వినిపించాడు. అబ్రహాము పేరు వినగానే, బైబిల్లో ఉన్న ఆయనే అనుకుని జనమంతా లేచి నిలబడ్డారు. దొరసాని కళ్లు తుడుచుకుంది. ఎవరో స్టూలు తెచ్చి ఆయన్ను దాని మీదికి ఎక్కించారు. అక్కణ్ణుంచి ప్రశ్నలు. అబ్రహాము ఎలా ఉంటాడు? ఇంకా ఉన్నాడా? "ఎందుకుండడు, మొన్ననే గొడుగు కూడా బాగు చేశాడు," అన్నాడు పూర్ణచంద్రరావు. ఫొటోలు తీశారు.

ప్రశ్నలు తెమిలేసరికి మందిరం తలుపులు మూస్తున్న చప్పుడు వినిపించింది. నాలుగైంది. పూర్ణచంద్రరావుకు నిజంగానే ఏడుపొచ్చింది. కట్టుకున్నది పాతికేళ్లలో నోరు తెరిచి అడిగిన ఒక్క కోరిక, తన తెలివితేటల వల్ల మట్టిగొట్టుకుపోయింది. ఎనిమిదో తరగతికి ఇప్పుడేం చెబుతుంది? మొహం ఎలా చూపించాలో తెలియక స్టూలు దిగి అక్కడే చతికిలబడ్డాడు.

మెడ మీద చల్లగా ఏదో తగిలి ఉలిక్కిపడ్డాడు. జానకి చెయ్యి.

"ఐస్‌ఫ్రూట్ లాగా లేదండీ," అంది మెరిసే కళ్లతో. "బందరు ఉప్పుమడిలో ఉప్పులా ఉంది. గుప్పిట్లో పడితే కరకరలాడింది."

"నువ్వు... లోపలికెట్టా వెళ్లావ్?"

"క్యూలో అందరికంటే ముందున్న చెప్పులెవరివి? మనవేగా! మనకీ తలుపుకీ మధ్య ఒక్క మనిషి లేడు. తలుపు దగ్గరాయన గోళ్లు గిల్లుకుంటున్నాడు. నన్ను చూసి రమ్మన్నాడు, వెళ్లాను. గంటపైనే నేనొక్కదాన్నే ఉన్నానండీ లోపల!"

"మరి నన్ను పిలవలేదేం?"

"రెండుసార్లు పిలిచా. మీరు గొడుగు సంగతి చెబుతున్నారు."

ఆరింటి బస్సు పూర్ణచంద్రరావు మేజోళ్లతోనే ఎక్కాడు. ఇబ్రహీంపట్నంలో గ్యాస్ బండ కోసం ఇప్పుడాయన స్వయంగా క్యూలో నిలబడుతున్నాడు, చెప్పులు చంకలో పెట్టుకుని.