ఆడి నెలలో ఇన్‌కంటాక్సు

ఆ బుధవారం పొద్దున అంజలమ్మ వేసుకున్న పథకం చిన్నది. మొగుడు కారమడై గుడి నుంచి తిరిగొచ్చేలోగా చట్నీ నూరి పెట్టాలి. వచ్చాక ఆయన ముఖం చూడాలి. ఆయన నోటితో ఏమీ చెప్పడు కాని, ఇడ్లీలు తినే తీరు చూస్తే వచ్చిన పువ్వు తెల్లదో ఎర్రదో తెలిసిపోతుంది.

తిరుమలసామి పువ్వు అడగకుండా ఏ పనీ చెయ్యడు. తెల్ల పువ్వొకటి, ఎర్ర పువ్వొకటి వేర్వేరు ఆకు పొట్లాలుగా కట్టి సామి ముందు పెడతారు. మనసులో ప్రశ్న అడిగి ఒక పొట్లం తీయాలి. తెల్లదైతే సరే, ఎర్రదైతే వద్దు. బోరు వేయడానికి అడిగాడు. స్కూటరు కొనడానికి అడిగాడు. ఎదురింటివాళ్లతో మళ్లీ మాట్లాడవచ్చా అని అడిగాడు. ఎర్రదొచ్చింది, చాలా సంతోషించాడు. దీనికి కట్టుబాటు ఒకటే. పని తేలేదాకా అడిగిన ప్రశ్న ఏమిటో కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదు.

ఈసారి ప్రశ్న ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. కనీసం అలా అనుకున్నారు. కూతురు కృత్తికకు కోయంబత్తూరులో ఇంజనీరింగు సీటు వచ్చింది. ఆ కాలేజీ ట్రస్టు లేనివాళ్లకు చదువు సాయం ఇస్తుంది. అర్జీతోపాటు తండ్రి ఈ ఏడు వేసిన ఇన్‌కంటాక్స్ రిటర్ను రసీదు జత చెయ్యాలి. రిటర్నుకు సర్కారు ఇచ్చిన గడువు ఇంకా ఉంది కాని, అర్జీకి కాలేజీ ఇచ్చిన గడువు రేపటితో సరి. చూస్తే ఆడి నెల, మంచి పనులకు పనికిరాని ఆషాఢం. ఆడిలో తిరుమలసామి కొత్త చొక్కా కూడా తొడగడు. ఆడిలో రిటర్ను వేయవచ్చా అని అడిగేందుకే ఆయన గుడుల చుట్టూ తిరుగుతున్నాడని వాళ్ల నమ్మకం. సాయం రాకపోతే తుడియలూరు వర్క్‌షాపులో ఉన్న లేత్ మిషను అమ్మాలి. ఆ లేతు తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

తిరుమలసామి వచ్చాడు. ఇడ్లీని చట్నీలో ముంచకుండా తిన్నాడు. ఎర్ర పువ్వే. మొన్న ఊళ్లో మారియమ్మ గుడి నుంచి వచ్చినప్పుడూ ఇట్లే తిన్నాడు.

"సాయంత్రం కరుప్పరాయన్ గుడికి పోతాను," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"రేపు కడైసి తేది. గ్యాపకం ఉండాదా?"

"నాకు తెలీదా? పువ్వు రానీ."

అంజలమ్మ పెరట్లోకి పోయి ఆడిటర్ దినకరన్‌కు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మా ఇంటాయన ఇన్‌కంటాక్సు కణక్కు వేసేదానికి వచ్చినాడా?"

"అక్కా, అది అన్ననే అడగండి. నన్ను మాట్లాడొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

వేయలేదని చెప్పడానికి పాపం మొహమాటపడుతున్నాడని అంజలమ్మ అర్థం చేసుకుంది. ఇక తానే పూనుకోవాలి. కూతురిని పిలిచి చెవిలో చెప్పింది. "నువ్వే కంప్యూటర్‌లో వేసెయ్యి. మీ అన్నకు చెప్పొద్దు, వాడు మిల్లు కూత సంగు మాదిరి ఊరంతా ఊదుతాడు." ఎందుకైనా మంచిదని పంపుల కంపెనీలో పనిచేసే కొడుకు మదన్‌కూ ఫోన్ చేసింది. "నువ్వే వేసెయ్యిరా. చెల్లికి చెప్పొద్దు, తడబడి ఏడుస్తాది."

ఇన్‌కంటాక్సు పాస్‌వర్డు ఇంట్లో ఎవరికీ తెలియదు. మార్చాలంటే తిరుమలసామి ఫోనుకు వచ్చే నంబరు కావాలి. దానికీ అంజలమ్మ ఉపాయం చెప్పింది, ఇద్దరికీ ఒకటే ఉపాయం.

మధ్యాహ్నం భోజనం వేళ కృత్తిక లోపలి గదిలోంచి అరిచింది. "నైనా, గ్యాసు బుక్ చేసినాము. నీ పోనుకు నంబరు వస్తాది, చెప్పు."

తిరుమలసామి కళ్లజోడు వెతుక్కునేలోగా ఫోనే మోగింది. మదన్. "నైనా, గ్యాసు బుక్ చేసినా. నంబరు వస్తాది, చెప్పు."

"ఒక ఇంటికి ఎన్ని గ్యాసులురా?"

"ఆడి పండగ వస్తాది కదా నైనా."

రెండు నంబర్లు వచ్చాయి. ఏది ఎవరి సిలిండరో తిరుమలసామికి ఎట్లా తెలుస్తుంది? పైదాన్ని కూతురికి, కిందిదాన్ని కొడుక్కి చదివి వినిపించాడు. కూతురిది కొడుక్కీ, కొడుకుది కూతురికీ పోయాయి. తప్పన్నది కంప్యూటరు. మళ్లీ అడిగారు. ఆయన మళ్లీ అదే న్యాయంగా పంచాడు. చివరికి ఆ ఇన్‌కంటాక్సు ఖాతాకు రేపటిదాకా తాళం పడింది.

తాళం సంగతి తిరుమలసామికి తెలియదు. ఆయనకు తెలిసిందల్లా నాలుగు సిలిండర్లు రావాలని. ఇంట్లో ఉన్న ఖాళీ సిలిండరు వాకిట్లో పెట్టి, పక్కింటి వీరమ్మాళ్ దగ్గర ఇంకొకటి అప్పు తెచ్చి పక్కన నిలబెట్టి, పంచె సర్దుకుని కూర్చున్నాడు. గ్యాసు బండి వచ్చింది, ఎదురింట్లో దించింది, పోయింది. ఎదురింటికి రావడం, తమకు రాకపోవడం ఆయన ఓర్చుకోలేకపోయాడు. స్కూటరు తీసి గ్యాసు ఆఫీసుకు పోయాడు.

తిరిగొచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మనం బుక్కే చేయలేదంట. నా పోనులో ఎవడో దొంగ దూరినాడు. పిల్లోళ్ల గొంతుతోనే మాట్లాడి నంబర్లు లాగినాడు. ఇప్పుడు అట్ల చేసేది ఉండాదంట, ఆఫీసులో పిల్ల చెప్పింది."

నిజం చెబితే దొంగ ఎవరో తేలిపోతుంది.

"పోనీలే, ఏమీ పోలేదు కదా," అంది అంజలమ్మ.

"పోయేదాకా ఉంటానా? సిమ్మును మూసేయించి వచ్చినా. ఇక ఆ నంబరుకు ఏదీ రాదు," అన్నాడు తిరుమలసామి తృప్తిగా.

అంజలమ్మ అట్లాగే అరుగు మీద కూర్చుండిపోయింది. నంబరు రాదు. రిటర్ను లేదు. రసీదు లేదు. ఇక ఒక్కటే దారి మిగిలింది. సాయంత్రం ఆయనకు తెల్ల పువ్వు వస్తే ఆయనే దినకరన్ దగ్గరికి పరుగెత్తుతాడు, దినకరన్ ఎట్లాగో తాళం తీస్తాడు. తెల్ల పువ్వును కరుప్పరాయన్ ఇష్టానికి వదిలేసే వేళ కాదిది. ఒక హస్తం అరటిపళ్లు సంచిలో వేసుకుని కరుప్పరాయన్ గుడి పూసారి అప్పసామి ఇంటికి నడిచింది.

"అన్నా, ఈ పొద్దు మా ఇంటాయన వస్తాడు. రెండు పొట్లాల్లోనూ తెల్లదే కట్టు."

"సామి కార్యం అమ్మిణీ. అట్ల చేయకూడదు."

"పిల్ల చదువు అన్నా."

అప్పసామి అరటిపళ్ల వైపు చూడకుండా సంచి అందుకున్నాడు. "ఎర్ర పువ్వు ఈ పొద్దు అంగట్లో దొరకలేదనుకుందాం."

దీపాలు పెట్టే వేళకు తిరుమలసామి ఇంటికి వచ్చాడు. నుదుట విభూది, ముఖాన నవ్వు. మదన్ అప్పుడే పని నుంచి వచ్చి చెల్లెలితో సిలిండర్ల లెక్క తేల్చుకుంటున్నాడు.

"తెల్ల పువ్వు," అన్నాడు తిరుమలసామి. "ఇక చెప్పొచ్చు. లేతు అమ్మేస్తాము. దారిలోనే బేరం మాట్లాడేసి వచ్చినా. రేపు పొద్దున్నే వచ్చి చూస్తారు."

"లేతు ఎందుకు అమ్మేది?" అంది అంజలమ్మ. "పువ్వు అడిగింది రిటర్ను వేసేదానికి కదా?"

తిరుమలసామి ఆమెను వింతగా చూశాడు. "రిటర్నుకు పువ్వెందుకు? ఆడి పుట్టేముందే వేసేసినా. తెలిస్తే మీరు సాయానికి అర్జీ పంపేస్తారని దినకరన్ చేత ఒట్టు వేయించినా. ఆడిలో వేయకూడదని తెలీదా?" అంటూ సామి పటం వెనక చెయ్యి పెట్టి మడత విప్పని రసీదు తీశాడు. "నేను సామిని అడిగింది వేరే. పిల్ల ఫీజుకు ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, లేతు అమ్మి నేనే కట్టేయనా అని. రెండు గుళ్లలో పువ్వు వద్దంది. కరుప్పరాయనే నా మానం కాపాడినాడు."

కృత్తిక తల్లి వైపు చూసింది. మదన్ కూడా చూశాడు. ఉపాయాలన్నీ ఎక్కడ పుట్టాయో ఇద్దరికీ అప్పటికే తెలిసిపోయింది.

"కరుప్పరాయన్ కాదు," అంది అంజలమ్మ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "రెండు పొట్లాల్లోనూ తెల్లదే."

"నీకెట్ల తెలుసు?"

"నేనే కట్టించినా."

తిరుమలసామికి కోపం వచ్చింది. అడుగు ముందుకు వేయబోయి, మధ్యలో ఎందుకో ఆగాడు. లేతు దగ్గర ఇన్నేళ్లు నిలబడిన మనిషి. రోజూ పొద్దున వర్క్‌షాపు తలుపు తీసి ముందు దానికే దండం పెట్టేవాడు. నవ్వుతూ ఇంటికి వచ్చాడు కాని, దారంతా ఆ నవ్వును మోసుకొచ్చినట్టే ఉంది. ఇప్పుడు భుజం మీంచి ఆ బరువు దించుకున్నాడు.

"అయితే ముందు వచ్చిన ఎర్ర పువ్వులే నిజం," అన్నాడు మెల్లగా. "సామి రెండుసార్లు చెప్పినా నేనే వినలేదు." వాకిట్లో సిలిండర్ల వైపు చూసి అడిగాడు. "గ్యాసు?"

"అదీ నేనే."

"వీరమ్మాళ్ సిలిండరు ఇచ్చేసి రా," అన్నాడు.

కృత్తిక అర్జీ తెరిచింది. రసీదు ఎక్కించింది. పెద్దవాళ్ల ఫోను నంబరు అడిగిన చోట ఈసారి తల్లిది వేసింది. అంజలమ్మ ఫోను గణగణమంది.

"అమ్మా, నంబరు చెప్పు."

"చెప్పొద్దు," అన్నాడు తిరుమలసామి ఉలిక్కిపడి. "ఎవరికీ చెప్పకూడదు. గ్యాసు ఆఫీసులో గోడకు రాసిండారు."

అంజలమ్మ ఒక క్షణం ఆలోచించింది. ఫోను తీసుకెళ్లి కూతురి కళ్ల ముందు పట్టుకుంది. "నేను చెప్పలేదు. ఆ పిల్లే చూసింది."

అర్జీ పోయింది. అందినట్టు జవాబు కూడా వచ్చింది. తిరుమలసామి ఆ రాత్రి ఇడ్లీలను చట్నీలో నిండా ముంచి తిన్నాడు.

కొనేవాళ్ల నంబరు ఎవరి దగ్గరా లేక, బేరం వద్దని కబురు చేసే దారి లేకపోయింది. పొద్దున్నే లేతు కొనేవాళ్లు రానే వచ్చారు. వాళ్లను కూర్చోబెట్టి, ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని అంజలమ్మ కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగకముందే గ్యాసు అయిపోయింది.