వెనక పెట్టెల వాన

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. తాత సుంకప్ప, నాయన ఎర్రన్న, అమ్మ నారాయణమ్మ, పదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్న వనజాక్షి. టీవీని కూడా లెక్కలో వేసుకోవచ్చు గానీ, దానికి మూడు నెలలుగా బొమ్మ తప్ప మాట లేదు. "మా ఇంట్లో మాట్లాడనివి రెండు. ఒగటి టీవీ, ఒగటి మా వనజ," అని తాత వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. వనజాక్షి లోపలికి పోయి డైరీ తీసుకునేది.

ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. తాత, వనజాక్షి మొదటి బస్సుకు కదిరి పోయి హోం థియేటర్ కొనుక్కొని పదకొండుకల్లా వచ్చేయాలి. మధ్యాహ్నం చిన్నాయన బసప్ప, చిన్నమ్మ మారెక్క, వాళ్ళ కూతురు రేఖ భోజనానికి వస్తారు. కంచెకు అవతలే ఇల్లు. అయినా రెండేళ్ళ తర్వాత వస్తున్నారు.

అన్నదమ్ముల ఇళ్ళు రెండూ చేలోనే. ఉమ్మడి బోరు ఎండిపోయాక ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నారు. బసప్పకు నీళ్ళు పడ్డాయి, ఎర్రన్నకు దుమ్ము లేచింది. ఇంకొకటి వేస్తానని ఎర్రన్న, పక్కన వేస్తే నా నీళ్ళు పోతాయని బసప్ప. మాటలు అక్కడ నిలిచిపోయాయి. ఇప్పుడు నలభై రోజులుగా చినుకు లేదు. ఎర్రన్న మూడెకరాల శనక్కాయ సరిగ్గా ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాడిపోతోంది. బసప్ప మాత్రం బోరు నీళ్ళతో ముందుగా విత్తుకున్నాడు కాబట్టి, చెట్లు పీకి చేలోనే కుప్పలు వేసి ఆరబెట్టుకున్నాడు. తాత ఇద్దరి నడుమా నెల రోజులు తిరిగి ఒక మాట కుదిర్చాడు. ఎర్రన్న కొత్త బోరు వేయడు. బసప్ప ఈ పంట గట్టెక్కేదాకా నీళ్ళు వదులుతాడు. ఈ ఆదివారం కలిసి భోజనం చేయడం, సాయంత్రం మొదటి తడి కట్టడం.

నాయనకు కావలసింది నీళ్ళు. వనజాక్షికి కావలసింది రేఖ. పదేళ్ళు ఒకే బెంచీలో కూర్చున్నారు. ఇద్దరి మాటలూ రేఖే మాట్లాడేది. రెండేళ్ళుగా వనజాక్షి తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

కదిరిలో అంగడి జయరాం కుర్చీలు వేయించాడు. తాత నిలబడే చెప్పాడు.

"ఇదో అప్పా, నాకు మతలబులొద్దు. ఒగ మీట నొక్కితే మాట వినపడల్ల. ఈ చెవి పూర్తిగా పోయింది, ఈ చెవి సగం ఉండాది. ఆ సగానికి సరిపోయేది ఇయ్యి."

"సగం చెవికైనా సరుకు పూర్తిగానే వస్తుంది పెద్దాయనా," అన్నాడు జయరాం.

వనజాక్షి ముందురోజే అన్నీ ఆలోచించి చీటీలో రాసుకుంది. 'గది చిన్నది. రెండు పెట్టెలది చాలు. మీటలు పెద్దవిగా ఉండాలి.' ఆ చీటీ ఆమె పిడికిట్లో చెమటకు మెత్తబడి ఉంది.

"పాపా, చదువుకున్నదానివి, నువ్వు చెప్పు," అన్నాడు జయరాం. "ముందర మూడు పెట్టెలు, వెనక రెండు, కింద పెద్దదొగటి. వెనక పెట్టెలు పలికితే ఎవరో పిలిచినారని తిరిగి చూడల్ల. ఇదే కట్టించేదా?"

వద్దని చెప్పాలంటే కనీసం నాలుగు మాటలు కావాలి. తల ఊపడానికి ఒక్కటీ అక్కర్లేదు. వనజాక్షి తల ఊపింది.

"అన్ని పెట్టెలు ఏం చేస్తాయప్పా?" అన్నాడు తాత.

"మాట్లాడతాయి."

"మంచిది. మా ఇంట్లో కొరత అదే."

దుమ్ము పడకుండా పట్ట కప్పి, ఆటోలో ఇంటికి తెచ్చారు. ఆటో కంచె పక్కన ఆగినప్పుడు మారెక్క బట్టలు ఆరేస్తూ చూసింది. వాళ్ళు భోజనానికి వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని, భోజనాలయ్యాక ఒక్కసారిగా వినిపించి ఆశ్చర్యపెట్టాలని తాత ఆజ్ఞ.

పెట్టెతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. వనజాక్షి వేలు పెట్టి చదువుతూ, "కింద పెట్టే పెద్దదానికి చోటు ముఖ్యమంట తాతా. చోటును బట్టి శబ్దం మారుతుందంట," అంది. ఆమె ఆ రోజు అంతవరకూ మాట్లాడిన వాటిలో ఇదే పొడుగుది.

తాత ముఖం వెలిగిపోయింది. "అట్ల చెప్పు. చోటు చూసేది నాకొదిలిపెట్టు."

ఆ చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు తాతనే పిలుస్తారు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకొని నడుస్తాడు. అది లేచి నిలబడిన చోట రాయి పెడతాడు. ఎర్రన్న బోరులో దుమ్ము లేచిన చోటు కూడా ఆయన చూపిందే గానీ, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"మామా, ఇది నీళ్ళు కాదు, శబ్దం," అంది నారాయణమ్మ వంటింట్లోంచి.

"భూమిలోపల దారి ఒగటే," అని తాత టెంకాయ పట్టుకొని బయటికి నడిచాడు. ఎప్పుడైనా ఈశాన్యం నుంచి మొదలుపెట్టడం ఆయన పద్ధతి. ఈశాన్యం అంటే కంచె మూల. అక్కడ రెండు అడుగులు వేశాడో లేదో టెంకాయ లేచి నిలబడింది. పసుపు పూసిన రాయి ఒకటి పెట్టాడు. పెట్టాక, పెట్టెను ఆరుబయట పెట్టలేమని గుర్తొచ్చి, దానికి సరిగ్గా ఎదురుగా గోడకు లోపలి మూల ఖాయం చేసి లోపలికి పోయాడు. రాయి అక్కడే ఉండిపోయింది.

"ఏమ్మే వనజా," కంచె అవతల నుంచి మారెక్క పిలిచింది. "మీ తాత టెంకాయ పట్టుకొని తిరుగుతాండాడే. ఏం సంగతి?"

వనజాక్షికి సంగతి తెలుసు. చెప్పకూడదని కూడా తెలుసు. అబద్ధం చెప్పడం మాత్రం తెలియదు. "ఏం లేదు చిన్నమ్మా," అని తల వంచుకొని ఇంట్లోకి పరిగెత్తింది. పరిగెత్తకుండా నడిచి ఉంటే బాగుండేదని ఆ రాత్రి డైరీలో రాసుకుంది.

లోపల తాత పెద్దపెట్టెకు బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, అదే టెంకాయ కొట్టాడు. వనజాక్షి తీగలు కలిపి మీట నొక్కింది. జయరాం ఇచ్చిన పరీక్ష డిస్కులో మొదట వచ్చింది డప్పులు. పెద్దపెట్టె ధన్ ధన్ మంటుంటే నేల అదిరి, గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. డప్పుల తర్వాత జలపాతం. వెనక పెట్టెల్లోంచి నీళ్ళు ఎగిసి దూకినట్టు శబ్దం వచ్చింది.

తాత సగం చెవికి అది నిండుగా వినబడింది. ఎన్నేళ్ళ నుంచో ఆయనకు నీళ్ళ శబ్దం వినపడలేదు. లేచి నిలబడి, ఉండబట్టలేక, చేలో ఉన్న కొడుక్కు వినపడేలా కేక పెట్టాడు. "ఒరే ఎర్రన్నా, నీళ్ళురా. రా, వచ్చి చూడు. నీళ్ళు దూకుతాండాయి."

కంచె అవతల ఇంట్లో లెక్క సరిపోయింది. పట్ట కప్పిన సామాను, టెంకాయ, పసుపు రాయి, కర్పూరం వాసన, నేల అదురు, ఆఖరుకు నీళ్ళు. అయిదు నిమిషాల్లో బసప్ప వాకిట్లోకి వచ్చాడు. చేతిలో తన మోటారు ఫ్యూజులు ఉన్నాయి.

"అన్నా, మీకు నీళ్ళు పడినాయంట. సంతోషం. ఇంక నా నీళ్ళెందుకు? ఫ్యూజులు పీకినా. మాటిచ్చిన దినమే బోరు దింపినారే, మీకు అన్నం ఎట్ల దిగుతుంది?"

"ఏం బోరు? యాడ బోరు?" అన్నాడు ఎర్రన్న. ఆయన అప్పుడే చేలోంచి వచ్చాడు. హోం థియేటర్ వచ్చిందని కూడా ఇంకా తెలియదు.

"అదో రాయి. నాయన పెట్టింది. నాకు రాళ్ళు తెలీవనుకున్నావా?"

"నాయన దినానికొగ రాయి పెడతాడు. ఆయప్ప రాయి పెట్టిన చోటంతా నీళ్ళు పడింటే నీ కాళ్ళు పట్టుకొనే ఖర్మ నాకెందుకు?"

"ఏం రాయిరా, నా రాయికేమి?" అంటూ తాత బయటికి వచ్చాడు. ముగ్గురూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. వనజాక్షి గడప మీద నిలబడి మూడుసార్లు నోరు తెరిచింది. తర్వాత లోపలికి పోయి మీట ఆపింది. నేల అదురు ఆగింది. మళ్ళీ నొక్కింది. అదిరింది. ఆపింది. ఆగింది.

నాలుగోసారికి బసప్ప మాట మధ్యలో ఆపి, చెప్పులు విప్పి, లోపలికి వచ్చాడు. పెద్దపెట్టె బొట్టు చూశాడు. చెయ్యి వేసి చూశాడు. ఫ్యూజులు జేబులో పెట్టుకొని గోడకు ఆనుకొని నవ్వడం మొదలుపెట్టాడు. ఎర్రన్న ముందు కోపంగా చూసి, తర్వాత తానూ నవ్వాడు. ఏమీ అర్థం కాకపోయినా అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది తాతే.

భోజనాలయ్యాయి. ఓళిగలు రెండోసారి వడ్డించినా ఎవరూ వద్దనలేదు. రేఖ వచ్చి వనజాక్షి పక్కన మోకాలు తగిలేలా కూర్చుంది. "ఏం మే, ఇంకా మూగిదానివేనా?" అంది. వనజాక్షి నవ్వింది. రెండేళ్ళూ ఆ నవ్వుతో తీరిపోయినట్టు అనిపించింది.

"మోడం పట్టినట్టుండాది. పోయి కుప్పల మీద పట్ట కప్పొస్తా," అని లేవబోయింది మారెక్క.

"నలభై దినాల్నుంచీ పడుతుండాది మోడం. కూచో," అన్నాడు బసప్ప. "తలుపులు, కిటికీలు మూయండప్పా. దావన పోయేవాళ్ళు ఇంకెవరైనా బోరనుకొని ఫ్యూజులు పీక్కొని వస్తారు."

తలుపులు మూశారు. తాత తనకు వాన కావాలన్నాడు. డిస్కులో వాన ఉంది. టీవీలో చినుకులు, ముందర ఉరుములు, వెనక హోరు. తాత మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. అరగంట గడిచింది. బసప్ప ఉన్నట్టుండి తల తిప్పాడు.

"ఆ హోరు బయట నుంచి వస్తాండాదే."

అందరూ వనజాక్షి వైపు చూశారు. ఇంగ్లీషు పుస్తకం చదివింది ఆమె ఒక్కతే. ఆమె మోకాలికి రేఖ మోకాలు తగులుతూ ఉంది. ఆమె గొంతు తడబడకుండా పలికింది.

"బయట కాదు చిన్నాయనా. వెనక పెట్టెలు. తిరిగి చూడల్ల అనిపిస్తుంది. దీంట్లో గొప్పే అది."

"అబ్బ, మా వనజ ఎంత బాగా చెప్పిందిరా," అన్నాడు తాత. సగం లేచిన మారెక్క మళ్ళీ కూర్చుంది. వనజాక్షికి ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఇంత తేలికైన పనికా ఇన్నేళ్ళు భయపడింది అనుకుంది. మరో పావుగంట అందరూ వాన విన్నారు.

కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. వాన ఆగలేదు.

చీకట్లో ఎవరూ కదల్లేదు. తాత ఒక్కడే మెచ్చుకోలుగా అన్నాడు. "మంచి పెట్టె. కరెంటు పోయినా పలుకుతాండాది."

తలుపు తీసిన బసప్ప ముఖం మీద జల్లు కొట్టింది. మిద్దె ఇల్లు కావడం వల్ల పైన చప్పుడే వినపడలేదు. వాకిలి చెరువై ఉంది. పసుపు రాయి మునిగిపోయింది. అందరూ పట్ట కోసం పరిగెత్తారు. పట్ట కప్పారు కూడా. కానీ కుప్పలు అప్పటికే అడుగుదాకా తడిసి, కాలవలో నీళ్ళ మీద కాయలు తేలుతూ పోతున్నాయి. కంచెకు ఇవతల ఎర్రన్న చేను మూడెకరాలూ, ఎవరూ వదలని నీళ్ళు తాగి, తల ఎత్తుతూ ఉంది. ఎర్రన్న దాని వైపు చూడకుండా తమ్ముడి కుప్పలు విప్పుతూ చీకటి పడేదాకా పనిచేశాడు. సంతోషం వస్తుంటే దాచుకోవడానికి ఆయనకు వేరే చోటు లేదు.

"నీకేమి, అన్నా," అన్నాడు బసప్ప చివరికి. ఫ్యూజులు ఇంకా ఆయన జేబులోనే ఉన్నాయి. వాటి అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు.

మర్నాడు ఎండ కాసింది. కంచె అవతల వాకిట్లో కాయలు నల్లబడి పరచి ఉన్నాయి. వనజాక్షి రాత్రంతా మూడు వాక్యాలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, కంఠతా పెట్టుకొని వెళ్ళింది. చీటీ కూడా తీసుకోలేదు. తలుపు తట్టింది. రేఖ తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"రేఖా, నేను..."

"నువ్వు మాట్లాడింది ఒగే ఒగ దినం," అంది రేఖ మెల్లగా. "అది చాలు మే." తలుపు వేసేసింది.

ఆ తలుపు చప్పుడు ఎటువైపు నుంచి వచ్చిందో వనజాక్షి ఈసారి ఎవరికీ చెప్పలేదు.