విత్తనాల సంచికి వరుస నేర్పిన పుష్పాబాయి పరాక్రమము

ఇరువదవ శతాబ్ది ముగియవచ్చిన కాలమున, తొలకరి మేఘములు ఉరుముచుండ, లారీహారన్‌ఘోషముఖరితమైన హైదరాబాదు విజయవాడ రాజపథమున వెలసిన కోదాడ పురమందు, మైసయ్య గారి విత్తనాల దుకాణమున ఒక మహాసంగ్రామము సంభవించెను.

కంప్యూటర్‌కోర్సుసర్టిఫికెట్‌విరాజితయు, తండాకీర్తివర్ధినియు అగు పుష్పాబాయి అందు వీరనాయిక. శత్రువో, పిడికిట ఇమిడెడు ఎర్రకిరణపు స్కానరు! ప్రతి సంచిపై రెండు గీతలముద్రలు, అనగా బార్‌కోడులు: ఒకటి వంగడము నంబరు, ఒకటి లాటు నంబరు. కంప్యూటరు వంగడమునే ముందు కోరును. ఆ కుటిలయంత్రము రెంటినీ చదివి లాటునే ముందు పంపును. అంతట తెర "ఇట్టి సరుకు లేదు" అని మొరాయించును.

"సూడు బిడ్డా, పొద్దుగూకేలోపల సక్కగైతే సరే. లేకుంటే డబ్బాల వెట్టి వాపస్ పంపుత. మిషినే లేకుంటే నీకు గీడ పనేముంటది?" అని మైసయ్య కుండ బద్దలు కొట్టెను.

తండా మొత్తమున, కుర్చీలో కూర్చుని చేయు కొలువు పుష్పాబాయికే తొలుత దక్కినది. అది పోవునేమోయని నిజముగానే భయపడెను. పడియు, లేచి, చున్నీ నడుమునకు బిగించి గర్జించెను: "ఓ ఎర్రకన్నుదానా! ఇయ్యాల నీ పొగరు దించకుంటే నేను ఫకీరా బిడ్డనే కాదు!"

స్కానరు మాటలకు లొంగదు; దానితో వచ్చిన పుస్తకములోని ఆజ్ఞాముద్రలను వరుసగా చూపవలెను. 'ఆరంభము' చూపెను, బీప్! 'ముందు వంగడము', బీప్! 'పిదప లాటు', బీప్! 'ముగింపు' చూపెను. నిశ్శబ్దము. మరల మొదటినుండి చూపెను. మరల నిశ్శబ్దమే.

తేరిపార చూడగా, ఆ ముద్ర నడుమ పసుపుకుంకుమల బొట్టు! ఉదయము కొత్త యంత్రమునకు పూజచేసిన మైసయ్య తల్లి గోపమ్మ, తెరచియున్న పుస్తకమునకును బొట్టు పెట్టినది. పుష్పాబాయి తుడువబోయెను.

"బొట్టు చెరుపుతవా! శుభమా అని మొదలువెడితే గదేం పనే? ముట్టుకుంటే ఊకోను!" అని గోపమ్మ సింహనాదము చేసెను.

చెరిపినచో అవ్వ ఊరుకొనదు, చెరుపకున్న కొలువు నిలువదు. పుష్పాబాయి దిక్కుతోచక ఆ పేజీనే చూచుచుండెను. గీతలు నిలువుగా పొడవైనవి. బొట్టు కింద గోరంత మేర చెక్కుచెదరక నిలిచియున్నవి! కిరణమునకు అంత చాలదా?

"అవ్వా, బొట్టు జోలికి పోను. జర కదలకుంట పుస్తకం పట్టుకో."

గోపమ్మ ఊపిరి బిగబట్టి పట్టుకొనెను. పుష్పాబాయి తొలి మూడు ఆజ్ఞలను మరల చూపి, రక్తకిరణమును ఆ గోరంత చోట నిలిపెను. బీప్!

వెంటనే వరివిత్తనాల సంచిని చూపగా, తెరపై ముందు వంగడము, వెనుక లాటు! మైసయ్య వంగి చూచి, మీసము దువ్వి, "రేపు జర పొద్దుగాల్నే రా బిడ్డా, రైతులు మస్తుగొస్తరు" అనెను.

దిక్కులారా, వినుడు! కోదాడ పురమున లాటు నంబరు వంగడము వెనుకకు జరిగెను!