మూడువందల మీటర్ల మహాసమరం

వినుడు, వినుడు! పేపరులో మునిగి టీ చల్లారబెట్టుకున్న సుజనులారా, కాస్త తలెత్తి వినుడు!

ఏ వీధిలో ఇరవై రెండు గృహములు ఇరుప్రక్కలా ఎదురుబొదురు సేనలవలె బారులు తీరియుండునో, ఏ వీధిలో ప్రతి గోడకూ ఒక తగాదా, ప్రతి తగాదాకూ ఒక ఫైలు, ప్రతి ఫైలుకూ రెండేసి జిరాక్సు ప్రతులు విలసిల్లుచుండునో, ఏ వీధిలో చెత్తబండి గంట మ్రోగినంతనే మహామహులు సైతము ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగి పరుగులిడుదురో, అట్టి వీధిశిరోమణి యందు, ఒకానొక మంగళవారమున, ఉదయము ఏడు గంటల పది నిమిషములకు, ఒక వార్త పిడుగై పడింది.

పంతొమ్మిదో నంబరు ఇల్లు, మూడేళ్ళుగా తాళం పడి ఉన్న నీలిగేటు ఇల్లు, ఎవరో సేవాసంస్థవాళ్ళు అద్దెకు తీసుకున్నారు. అందులోకి ఆరుగురు రాబోతున్నారు. అందరూ పెద్దవాళ్ళే. కానీ ఒంటరిగా బతుకు నెట్టుకురాలేనివాళ్ళు. ఒకరికి లెక్క రాదు, ఒకరికి దారి గుర్తుండదు, ఒకరికి మూర్ఛ. వాళ్ళను కనిపెట్టుకుని రేయింబవళ్ళు ఒక నిర్వాహకురాలు ఉంటుంది. వార్త ఇంతే. కానీ పాలప్యాకెట్టు తెచ్చుకునేలోపు ఆ ఆరుగురూ పన్నెండుమంది అయ్యారు, పన్నెండుమందీ రాళ్ళు రువ్వడం మొదలుపెట్టారు.

ఆ సాయంకాలమే స్కూటర్ల షెడ్డులో మహాసభ కొలువుదీరింది. "పిల్లలు తిరిగే వీధండీ" అన్నారొకరు. "మనకేం తెలుస్తుంది, ఎలాంటివాళ్ళో" అన్నారింకొకరు. "నాకేం అభ్యంతరం లేదు, కానీ ఇక్కడెందుకు" అని మూడో ఆయన. ఈ గాథ చెప్పువాడు కూడా ఆ సభలో ఉన్నాడు. ఆ ఇల్లు వద్దంటూ అక్కడే రాసిన అర్జీ మీద వాడి సంతకం పదకొండోది. బుకాయిద్దామంటే చేతిరాత మరీ స్పష్టంగా ఉంది.

అప్పుడు అందరి చూపులూ ఒక్కరి మీదికి తిరిగాయి. ఆయనే పద్దెనిమిదో నంబరు ఇంటి అధిపతి, వీధి సంఘ కార్యదర్శి, ముప్పది నాలుగు వత్సరములు పరుల సరిహద్దులన్నీ తేల్చి, తన ఇంట్లో తన మాటకు సరిహద్దు ఎక్కడో మాత్రం తేల్చుకోలేకపోయిన విశ్రాంత సర్వేయరు, దుర్నిరీక్ష్య టేపుపాణి, గొలుసు మాస్టారు! కొలతగొలుసు లాగీ లాగీ ఆ పేరు స్థిరపడింది. రిటైరై అయిదేళ్ళయింది. ఈ అయిదేళ్ళలో ఆయనను ఎవరూ ఏదీ కొలవమనలేదు, ఇల్లాలు కిటికీ తెరలకు ఒక్కసారి తప్ప. ఆ తెరలు కూడా రెండంగుళాలు పొట్టివయ్యాయి.

ఆ వీరుడు లేచి, కళ్ళజోడు సవరించుకుని, మేఘగంభీర స్వరంతో ఇలా పలికాడు: "సభాసదులారా! ఈ కరములందు సత్తువ యున్నంతవరకు, ఈ టేపు మీద అంకెలు చెరగనంతవరకు, మన వీథీమర్యాదకు భంగము వాటిల్లనీయను! శాసనమను సాగరమును మథించి, మన హక్కులను వెలికిదీసి తెచ్చెదను గాక!"

చప్పట్లు మారుమోగాయి. వీరుడు ఇంటికొచ్చి బీరువాలోంచి టేపు తీసి తుడుస్తుంటే ఇల్లాలు తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఇన్నాళ్ళకి ఎవరో కొలవమన్నారు. అంతేగా మీ సంబరం?"

వీరుడు టేపును ఇంకాస్త గట్టిగా తుడిచాడు. అంతే మరి.

మర్నాడు పురపాలక కార్యాలయమను దుర్గమును ముట్టడించాడు. మూడు వరుసలు ఛేదించి, నాలుగో కిటికీ దగ్గర గుమాస్తా అమ్మాయి ఎదుట నిలిచాడు. ఆమె అంతా విని, పెన్ను మూత పెట్టింది.

"ఆరుగురి దాకా ఒక కుటుంబం కిందే లెక్క సార్. పక్కింటివాళ్ళ అనుమతి అక్కర్లేదు."

"వారెవరో, వారి రుగ్మతలేమిటో తెలిసికొనుట మా హక్కు గాదా?"

"కాదు సార్. మీ ఇంట్లో ఎవరికి బీపీ ఉందో వాళ్ళొచ్చి అడిగితే చెప్తారా?"

వీరుడికి బీపీ పెరిగింది. "మరి మాకున్న హక్కులేమిటమ్మా?" అన్నాడు, గ్రాంథికం దానంతటదే జారిపోయి.

"గోల చేస్తే కంప్లైంటు ఇవ్వచ్చు. దారికడ్డంగా బండి పెట్టినా, చెత్తడబ్బా పక్కవాళ్ళ హద్దులో పెట్టినా ఇవ్వచ్చు. ఏ ఇంటి మీదైనా ఇవ్వచ్చు సార్. మీ ఇంటి మీద కూడా." ఆమె రిజిస్టరు తిరగేసింది. "ఆఁ, ఇంకోటుంది. ఇలాంటి ఇల్లు ఇంకోటి మూడొందల మీటర్లలోపు ఉంటే దీనికి పర్మిషన్ రాదు. గోడ నుంచి గోడకి, రోడ్డు వెంబడి కొలవాలి. మీ వెనకవీధిలో ఇస్త్రీ కొట్టు పక్కన ఒకటుందిగా. తొమ్మిదేళ్ళైంది."

తొమ్మిదేళ్ళు! ఆ గేటు ముందునుంచే మాస్టారు రోజూ వాకింగుకు వెళ్తాడు. మొక్కలకు నీళ్ళు పోస్తూ ఒకాయన రోజూ నమస్కారం పెడతాడు, ఈయనా పెడతాడు. అది అలాంటి ఇల్లని వీధిలో ఒక్కరికీ తెలియదు. బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడే ఆగి ఆలోచించేవాడు. మన వీరుడి చెవిన మాత్రం "మూడొందల మీటర్లు" అన్న మాట ఒక్కటే శంఖంలా మ్రోగింది.

తక్షణమే దండయాత్ర సాగింది. ముప్పై మీటర్ల టేపు. ముందు మాస్టారు, వెనక సున్నా కొస పట్టుకుని బామ్మర్ది. ఈ బామ్మర్ది ఎట్టివాడనగా, ఒక చేత ఫోనును, మరొక చేత టేపును ధరించి, మొదటిదాని మీదనే సకల భక్తినీ నిలిపినవాడు. ఇస్త్రీ కొట్టు పక్క గోడ దగ్గర మొదలుపెట్టారు. ముప్పై మీటర్లకొక సుద్దగీత, గీత మీద మళ్ళీ సున్నా, అక్కడినుంచి ఇంకో ముప్పై. వీధి మలుపు తిరిగి, తొమ్మిది గీతలు దాటి, నీలిగేటు ఇంటి గోడను తాకేసరికి తేలిన అంకె రెండువందల తొంభై ఏడు మీటర్ల నలభై సెంటీమీటర్లు!

జయజయధ్వానాలు. మాస్టారి భుజం తట్టనివాడు లేడు. అర్జీ వెళ్ళింది, వారం తిరిగేలోపు దానికి జవాబూ వచ్చింది. మాస్టారు సర్వేయరుగా చేసినవారు కాబట్టి ఆయన కొలతే తుదికొలతగా తీసుకోవడానికి సంస్థవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. గురువారం పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ ఉదయం ఇంకోసారి కొలిచి, సంతకం పెట్టి ఇస్తే చాలు. మూడువందలకు తక్కువైతే ఆ ఇంటికి తాళమే.

ఆ ఉత్తరం మాస్టారు మూడుసార్లు చదివాడు. 'మీ కొలతే తుదికొలత' అన్న చోట మూడుసార్లూ ఆగాడు.

గురువారం వచ్చింది. ఇక సేన సంగతి చూడండి. బామ్మర్దికి కడుపునొప్పి. ఎదురింటాయనకు అర్జంటు పని. మూలింటావిడకు చుట్టాలు. అర్జీ మీద ఇరవై ఒక్క సంతకాలున్నాయి, టేపు పట్టడానికి ఒక్క చెయ్యి లేదు. ఈ గాథ చెప్పువాడికి సరిగ్గా తొమ్మిదింటికి పంటినొప్పి వచ్చింది.

ఒక్కడే నిలిచాడు వీరుడు ఇస్త్రీ కొట్టు పక్కన, చేత టేపు, జేబులో సుద్దముక్క, నుదుట చెమట. రెండో మనిషి లేకుండా టేపు పనికిరాని లోహపు నాలుక. అప్పుడు పక్కనుంచి ఎవరో అన్నారు.

"నేను పట్టుకోనా సారూ?"

నలభై అయిదేళ్ళ మనిషి. నీలంటోపీ, గళ్ళ చొక్కా, చొక్కాకు మెడదాకా గుండీలు. ఆ ఆరుగురిలో ఒకడు. ఇల్లు చూసుకోవడానికి వాళ్ళు పొద్దున్నే వచ్చారు. ఇస్త్రీ కొట్టు పక్కనున్న ఆ తొమ్మిదేళ్ళ నాటి ఇంట్లో వాళ్ళకు తెలిసినవాళ్ళున్నారట, పలకరించి వెళ్తున్నాడు. మాస్టారు అటూ ఇటూ చూశాడు. శత్రుపక్షం! కానీ గడియారంలో పదవుతోంది.

"ఇదుగో, ఈ సున్నా ఉంది చూడు. దీన్ని గీత మీద పెట్టు. నేను చెప్పేదాకా కదలకు."

టోపీ ఆయన వంగి, బొటనవేలితో సున్నాను నేలకు అదిమాడు. "పెట్టా" అన్నాడు.

ఆహా, ఇక ఆ సంగ్రామమును వర్ణింప ఎవరి తరము! రెండో గీత దగ్గర చెత్తబండి ఘీంకరిస్తూ వచ్చింది. టోపీ ఆయన వేలు కదల్లేదు, బండే పక్కనుంచి పోయింది. నాలుగో గీత దగ్గర ఒక కుక్క వచ్చి ఆయన చెవి వాసన చూసింది; నవ్వాడే గాని వేలు తియ్యలేదు. ఆరో గీత దగ్గర కారాయన హారను మీద హారను మోగించి, అద్దం దించి, "ఏంటండీ ఇది!" అని గర్జించాడు. "గీత మీదుంది" అని చెప్పాడు టోపీ ఆయన, తెలియనివాడికి తెలియజెప్పినట్టు. కారాయన ఆగాడు. ప్రతి గీత దగ్గరా ఒకటే జయఘోష, "పెట్టా."

తొమ్మిదో గీత. ఇక ఇరవై ఏడు మీటర్ల నలభైకి గోడ రావాలి. మాస్టారు టేపు లాక్కుంటూ నడిచాడు. ఇరవై ఏడు దాటింది, గోడ రాలేదు. ఇరవై తొమ్మిది. ముప్పై. టేపు అయిపోయింది, గోడ ఇంకా రెండంగల అవతల ఉంది.

వీరుడు టేపును ఒక్క గుంజు గుంజాడు. "ఓయ్! రెండంగలు ముందుకు రా!" అని అరిచాడు.

ముప్పై మీటర్ల అవతలినుంచి జవాబొచ్చింది. "గీత ఇక్కడుంది కదా సారూ!"

మాస్టారు అక్కడ సుద్దగీత గీసి, టేపు వెంబడే వెనక్కి నడిచాడు. వంగి చూశాడు. సున్నా గీత మీదే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మొన్న కొలిచినప్పుడు బామ్మర్ది ఎండకు తాళలేక ప్రతి గీత దగ్గరా మూరెడు ముందుకు జరిగి, గోడనీడలో నిలబడి ఫోను మాట్లాడాడు. తొమ్మిది గీతలు, తొమ్మిది మూరలు. నాలుగు మీటర్లు నీడలో కొట్టుకుపోయాయి. వెనక్కి చూడని కొలత కొలతే కాదని ముప్పై నాలుగేళ్ళు కూలీలను తిట్టినవాడు ఆ రోజు ఒక్కసారీ వెనక్కి చూడలేదు. కావలసిన అంకె వస్తుంటే వెనక్కి ఎవడు చూస్తాడు?

వీధి నిర్మానుష్యంగా ఉంది. మొన్నటి అంకె కాగితం మీద సిద్ధంగా ఉంది. సంతకం ఒక్కటే తరువాయి.

"నాయనా," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి, "ఇదెందుకు కొలుస్తున్నానో తెలుసా నీకు?"

"తెలుసు సారూ. మమ్మల్ని చూసుకునే అక్క చెప్పింది. తక్కువొస్తే మేం ఇక్కడ ఉండకూడదంట."

"మరి నువ్వు వెనక్కి జరిపి పట్టుకోవచ్చుగా? ఎక్కువొచ్చేది."

టోపీ ఆయన బొటనవేలి వైపు చూసుకున్నాడు. ఏం అడుగుతున్నాడో అర్థంకానట్టు మాస్టారి వైపు చూశాడు.

"గీత ఇక్కడుంది కదా" అన్నాడు మళ్ళీ.

మాస్టారికి సిగ్గేసింది. పెద్ద మాటలేవీ దొరకని సిగ్గు. "ఇంకొక్కటే ఉంది, పద" అని మాత్రం అన్నాడు. పదో గీత నుంచి గోడకు ఒక మీటరు నలభై అయిదు.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు స్కూటరు ఆగింది. ఆ చప్పుడుకు వీధిలో కడుపునొప్పులు తగ్గాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, పంటినొప్పి కుదిరింది. నీలిగేటు ముందు నిర్వాహకురాలి వెనక అయిదుగురు వరసగా నిలబడి ఉన్నారు. అందరూ శుభ్రంగా తల దువ్వుకుని ఉన్నారు. మాస్టారు ఆ దువ్విన తలలు చూశాడు. ఉపన్యాసం కోసం వీధి చెవులు రిక్కించింది.

"మూడొందల ఒకటి పాయింటు నలభై అయిదు," అన్నాడాయన. "మొన్నటిది తప్పు. నా తప్పే."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. మాస్టారు సంతకం పెట్టాడు. వీధి భగ్గుమంది.

"బావా! మీటరున్నర కోసం ఇంత పని చేస్తావా?"

"నువ్వు నీడలో నిలబడ్డావురా. నేను వెనక్కి చూడలేదు. చాలా, ఇంకా చెప్పాలా?"

"అయితే మనకిక ఏ హక్కూ లేనట్టేనా?" అని ఎదురింటాయన నిలదీశాడు.

ఓడిన వీరుడికి ఆఖరి అస్త్రం స్ఫురించింది. గ్రాంథికం తిరిగొచ్చింది. "ఏల లేదు! చెత్తడబ్బా హద్దు మీరినచో ప్రశ్నించు హక్కు ప్రతి గృహస్థునకును కలదు! అదిగో, గోడ వద్ద ఆకుపచ్చ డబ్బా! నిమిషములో నిగ్గు తేల్చెదను!"

టేపు మళ్ళీ బుస్సుమంది. "పెట్టా" అన్నాడు టోపీ ఆయన హద్దురాయి దగ్గర. డబ్బా పంతొమ్మిదో నంబరు ఇంటిదైతే దాని హద్దులోనే ఉన్నట్టు. పద్దెనిమిదో నంబరుదైతే నలభై సెంటీమీటర్లు అవతల ఉన్నట్టు.

"ఏవండీ," అని గేటు దగ్గరనుంచి ఇల్లాలి గొంతు వినిపించింది. "అది మన డబ్బానే. ఇల్లు ఖాళీగా ఉందని మూడేళ్ళ కింద మీరే అక్కడ పెట్టారు."

వీధి అంతా ఒక్కసారి నవ్వింది. అర్జీ తర్వాత ఆ వీధి అంతా కలిసి చేసిన మొదటి పని అదే. నిర్వాహకురాలు కూడా నవ్వు ఆపుకుంటూ, "ఫర్వాలేదు అన్నయ్యగారూ, ఉండనివ్వండి" అంది.

"ఉండనీయను!" అని గర్జించాడు గొలుసు మాస్టారు. "ఆక్రమణదారుడు నా ఇంటివాడైనను క్షమింపను!"

అటు పిమ్మట, భుజబలమును కూడగట్టుకొని, పండ్లు బిగించి, మూడు సంవత్సరములుగా శత్రుభూమిలో పాతుకుపోయిన ఆ హరితవర్ణ మహాభాండమును రెండు చేతులా ఒడిసిపట్టి, అడుగున నిలిచిన నీళ్ళు ప్యాంటు మీద చిందుచుండగా, సకల వీధీజనము చూచుచుండగా, అచ్చముగా నలభై సెంటీమీటర్లు ఇవతలికి జరిపి, ఆ మహాయోధుడు తన మీద తానే సంపూర్ణ విజయము సాధించెను!

ఈ గాథను శ్రద్ధగా విన్నవారికి స్వర్గము మాట తెలియదు గాని, తమ చెత్తడబ్బా ఎవరి హద్దులో ఉన్నదో మాత్రం తెలియగలదు. చెప్పినవాడు వెళ్ళి చూసుకున్నాడు. వాడిదీ పదిహేను సెంటీమీటర్లు అవతలే ఉంది.

వీధి ఇళ్ళలోకి వెళ్ళిపోయింది. మాస్టారు ప్యాంటు దులుపుకుంటూ గేటు తీయబోయి, ఏదో అనిపించి, ఈసారి వెనక్కి చూశాడు. హద్దురాయి దగ్గర టోపీ ఆయన ఇంకా వంగే ఉన్నాడు, సున్నా మీద బొటనవేలితో. వదలమని ఎవరూ చెప్పలేదు.

"అయిపోయింది నాయనా, వదిలెయ్."

వేలు తీయకుండానే తలెత్తాడు. "ఉంటామా సారూ?"

"ఉంటారు" అన్నాడు మాస్టారు.

అప్పుడు వదిలాడు.